డిపాజిట్ కట్టినవాడల్లా మంచివాడేనా?

సంపాదకుడికి,

పేరు చెప్పకుండా ఇంటర్నెట్‌లో రాసేవాళ్ల దగ్గర కొద్దిపాటి క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణెం) కట్టించుకుంటే స్పామ్ తగ్గుతుందని, ఎవరు మనిషో ఏది బాటో (మనిషిలా రాసే ప్రోగ్రామో) కూడా తేలిపోతుందని కొందరు వాదిస్తున్నారు. మొదటి మాట సగం నిజం. రెండోది అసలు కాదు.

ఆలోచన పాతదే. ఈమెయిల్ పంపే ప్రతిసారీ కంప్యూటర్ చేత కాస్త లెక్క చేయించి, గుట్టలుగా పంపేవాడికి అది భారమయ్యేలా 1997లో ఆడమ్ బ్యాక్ అనే ఆయన హ్యాష్‌క్యాష్ అనే పద్ధతి తయారుచేశారు. కొత్త బిట్‌కాయిన్లను పుట్టించే మైనింగ్‌కు మూలం అదే. ఇప్పుడు లెక్కకు బదులు నాణెమే అడగమంటున్నారు. ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల సతోషీలు (దాని చిల్లర ముక్కలు) కాబట్టి పైసల్లోనూ వసూలు చేయొచ్చు.

సరే, కామెంటుకు 10 పైసలే అనుకుందాం. గుంటూరు యార్డులో మిర్చి ధర చెప్పే వీడియో కింద 'ఈ మేడమ్ చెప్పినట్టు 20 వేలు పెట్టాను, వారంలో లక్ష వచ్చింది, వాట్సాప్ చేయండి' అంటూ అక్షరం తేడా లేకుండా వరసగా కామెంట్లు పడుతుంటాయి. (వాటిని పట్టుకోవడానికి క్రిప్టో దాకా ఎందుకో!) అలాంటివి లక్ష పెట్టినా వాడికయ్యేది 10 వేలు. ఒక్క రైతు బుట్టలో పడితే ఖర్చంతా తిరిగొచ్చేస్తుంది. ఊరికే ప్రకటనలు గుప్పించేవాడు వెనక్కి తగ్గుతాడేమో గానీ, మోసగాడు తగ్గడు. ఎంత పెద్ద మోసమైతే ఆ ఫీజు వాడికి అంత తేలిక.

ఇక గుర్తింపు సంగతి. 2022 నవంబరులో ట్విటర్ అసలు ఖాతా అని సూచించే నీలి టిక్కును 8 డాలర్లకు అమ్మగానే, ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఎవరో ఖాతా తెరిచి ఇన్సులిన్ ఉచితమని ప్రకటించారు. డబ్బు కట్టారన్నదే తేలింది, ఎవరన్నది కాదు. కంటిపాప స్కాన్ చేసి మనిషేనని ధ్రువీకరిస్తామన్న వరల్డ్‌కాయిన్‌ను కెన్యా 2023లో, స్పెయిన్ 2024లో ఆపించాయి. ఆ దారీ మనకొద్దు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. ఎక్స్ఛేంజీలో క్రిప్టో కొనాలంటే పాన్, కేవైసీ తప్పవు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను. ఖర్చుపెట్టినా అది అమ్మకంలా బదిలీ కిందే లెక్క. జీతం నెలల తరబడి రాలేదని పేరు దాచుకుని రాసే అంగన్‌వాడీ టీచరు ఈ తతంగమంతా పడాలా? పైగా మామూలు బిట్‌కాయిన్ చెల్లింపు బహిరంగ చిట్టాలో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆ చిట్టాను కేవైసీతో జోడిస్తే ఆమె ఎవరో బయటపడటం ఎంతసేపు?

తప్పదంటే, కొత్త ఖాతా నుంచి ముక్కూమొహం తెలియనివాళ్లకు వెళ్లే తొలి సందేశాలకే డిపాజిట్ అడగండి, కొన్నాళ్లకు తిరిగిచ్చేయండి. కట్టలేనివాళ్లకు పాత సభ్యులిద్దరి హామీ చాలనండి. ఫిర్యాదుల సంఖ్య చూసి మాత్రం డిపాజిట్ జప్తు చేయొద్దు. హీరోల అభిమానులు మూకుమ్మడిగా రిపోర్టు కొట్టి ఖాతాలు ఎగరగొట్టడం చూస్తూనే ఉన్నాం.

– ఒక పాఠకుడు, తెనాలి