పాత డీసీ-3 విమానం పరిరక్షణ: ఈ విడత జమా ఖర్చుల వివరణ

దాతలకు, సభ్యులకు నమస్కారం. "ఇంత ఖర్చయింది, విమానం చూస్తే మొన్నటిలాగే ఉందేం?" అని కొందరు అడిగారు. అడగవలసిన మాటే. బయటి రంగుకు ఇంతవరకు ఒక్క పైసా తీయలేదు. ఎందుకో లెక్కతోపాటు చెబుతున్నాం.

వచ్చిన మొత్తాన్ని 16 అణాలనుకుంటే చందాలు 12, లోపలికెక్కి చూసినవారి టికెట్లు 3, పనికిరాని విడిభాగాలను తూకానికి అమ్మగా 1. ఖర్చు 14 అణాలు. నిల్వ 2.

ఖర్చులో 6 అణాలు విమానం ఒంటి అల్యూమినియం రేకుకే పోయాయి. మరుగుదొడ్డి, వంటగది కింద నేల పలకలు లేపితే నీరు ఇంకిన చోటల్లా తెల్లటి పొడి, అంటే అల్యూమినియం తుప్పు. దాన్ని గీకితే తడిసి ఆరిన పుస్తకంలా రేకు పొరలుగా విడిపోయింది. అలాంటి రేకును పాలిష్ చేసి లాభం లేదు, కోసి కొత్తది వేయాల్సిందే. రేకులను కలిపి బిగించే పాత రివెట్ తలను డ్రిల్ చేసి, కాడను పంచ్‌తో కొట్టి తీస్తాం. రంధ్రం కోలగా సాగితే 1/8 అంగుళం బదులు 5/32 రివెట్ పడుతుంది. అప్పుడు అంచు నుంచి దూరం రివెట్ మందానికి రెండింతలైనా మిగలాలి, లేకపోతే అక్కడే చీలుతుంది. ఇసుకను వేగంగా చిమ్మి తుప్పు రాల్చే బ్లాస్టింగ్ చౌకే, కానీ రేకుపైని పల్చటి శుద్ధ అల్యూమినియం పూతను లేపేస్తుంది. అందుకే వద్దన్నాం.

బయటి రెక్క వచ్చి విమానం మధ్యనున్న రెక్క భాగానికి కలిసేచోట, అతుకును కప్పే పట్టీ కింద బోల్టుల వరుస ఉంటుంది. ఉక్కు బోల్టు, అల్యూమినియం, మధ్యలో తడి: తుప్పు తినేయడానికి ఇంకేం కావాలి! ఎడమ రెక్కను జాకీ మీద ఆనించి, ఒక్కో బోల్టు తీసి, రంధ్రం చూసి, సీలెంట్ పూసి బిగించాం. అన్నీ ఒకేసారి తీస్తే రెక్క కదిలి రంధ్రాలు కలవవు. కుడి రెక్క మిగిలింది.

ఇంజన్లకు 3 అణాలు. రెండింటి 28 సిలిండర్లకూ తేమ పీల్చే ప్లగ్గులు పెట్టాం. లోపలి సిలికా గుళికలు నీలం నుంచి గులాబీకి తిరిగితే మార్చాలి. చూడవచ్చేవారికి ఒక విన్నపం: ప్రొపెల్లర్ తిప్పకండి. కింది సిలిండర్లలోకి నూనె దిగి ఉంటుంది, బలవంతపెడితే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు కింది స్పార్క్ ప్లగ్గులు తీసి నూనె వంచేయాలి.

చుక్కాని, ఎలివేటర్లు (తోకమీద ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకలు), ఐలెరాన్లకు (రెక్క అంచున విమానాన్ని పక్కకు వంచే పలకలు) పాలిస్టర్ బట్ట, పూత: 2 అణాలు. ఈ బట్టను ఇస్త్రీపెట్టెతో వేడిచేసి బిగిస్తాం. ఆ వేడి సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దాటితే బిగిసిన బట్ట మళ్లీ సడలుతుంది. ఒక ఐలెరాన్‌కు అలాగే జరిగింది, రెండోసారి వేయాల్సి వచ్చింది. ఆ నష్టం ఈ రెండణాల్లోనే ఉంది.

టైర్ల మీద బరువు పడకుండా స్టాండ్లకు అణాన్నర. రేడియోధార్మికమైన రేడియం పూసిన పాత డయళ్లను తెరవకుండా కొలిచి, మూసి భద్రపరచడానికి, విషపూరితమైన క్రోమేట్ ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) ధూళి నుంచి పనివాళ్ల రక్షణకు 1 అణా. కిటికీలకు అర్ధణా.

నిల్వ 2 అణాలూ కుడి రెక్క బోల్టులకు కేటాయించాం. ఆ పట్టీ విప్పి చూడకుండా రంగు వేస్తే తెల్ల పొడిని మూతవేసి దాచినట్టే. రసీదులన్నీ వరుస నంబర్లతో ఉన్నాయి, సభ్యులెవరైనా చూడవచ్చు.