వాచకంలో ఉన్న మాయాబజార్‌ను తరగతి గదిలో చూడనివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్న ఉపాధ్యాయినిని. మన పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో నాలుగో యూనిట్ సినిమా, నాటక రంగాల గురించినది. సత్యజిత్ రాయ్‌తో తనకున్న పరిచయాన్ని గుల్జార్ గుర్తుచేసుకున్న వ్యాసం, 'మాయాబజార్' మీద ఒక సమీక్ష, మహానటి సావిత్రికి నివాళి అందులో పాఠాలు. ఒక తెలుగు సినిమాను ఇంగ్లీషు వాచకంలో పాఠంగా పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వారికి ఏటా మనసులోనే దండం పెట్టుకుంటాను. అయితే ఆ యూనిట్ వచ్చిన ప్రతిసారీ నా కళ్ల ముందు జరిగేది వేరు. సినిమా చూడని పిల్లలు ఆ సినిమా మీద రాసిన సమీక్షకు ప్రశ్నలూ జవాబులూ గైడులోంచి బట్టీ పడతారు. దర్శకుడు కె.వి. రెడ్డి, విడుదల 1957, ఛాయాగ్రహణం మార్కస్ బార్‌ట్లీ అని తప్పుల్లేకుండా రాస్తారు. ఛాయాగ్రహణం అంటే ఏమిటి నాన్నా అని అడిగితే తల వంచుకుంటారు.

పిల్లల్లో లోపం ఏమీ లేదు. చూపించి తీరాలన్న నియమం మాకు లేదు. చూపించి దేన్ని గురించి మాట్లాడించాలో నేను హాజరైన ఏ శిక్షణలోనూ చెప్పలేదు. ఉన్నత పాఠశాలల విద్యార్థులకు సినిమాను చూడటం, విప్పి చెప్పడం నేర్పించడానికి మీ శాఖ పూనుకోవాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం మా బడిలో డిజిటల్ తెర మీద 'వివాహ భోజనంబు' పాట వేశాను. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతట అవే వెళ్తుంటే తరగతి అంతా నవ్వింది. నవ్వు ఆగాక, అది ఎలా తీసి ఉంటారని అడిగాను. దారం కట్టి లాగారని ఒకరు, రీలు వెనక్కి తిప్పారని ఒకరు, కంప్యూటర్లో చేశారని ఇంకొకరు అన్నారు. నేను జవాబు చెప్పలేదు. నా ఫోనూ ఒక చాక్‌పీసుల డబ్బా ఇచ్చి, ఈ డబ్బాను మాయం చేసి చూపించండి అన్నాను. మొదటిసారి రికార్డింగ్ ఆపి డబ్బా తీసేసి మళ్లీ మొదలుపెట్టారు, కానీ చెయ్యి కదలడంతో బల్ల కూడా గెంతినట్టు వచ్చింది. రెండోసారి డబ్బా కదలకుండా మాయమైంది గానీ, తీసిన అమ్మాయి నీడ గోడ మీద ఉండిపోయింది. మూడోసారి ఫోనును డస్టరుకూ జామెట్రీ బాక్సుకూ మధ్య బిగించి, కిటికీ తలుపు మూసి, అందరినీ పక్కకు జరగమని తీశారు. డబ్బా మాయమైంది. కెమెరా కదలకూడదనీ, వెలుగు మారకూడదనీ, కత్తిరింపు ఎక్కడ పడిందో చూసేవాడికి తెలియకూడదనీ నేను ఒక్క ముక్క చెప్పకుండానే ఆ పిల్లలు నేర్చుకున్నారు. ఆ తరువాత అదే పాటను మళ్లీ వేస్తే ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందుకు వంగి, కళ్లార్పకుండా చూశారు.

ఆ మరునాడు 'లాహిరి లాహిరి' పాటను మొదట శబ్దం లేకుండా వేశాను, తరువాత తెర ఆపి పాట మాత్రమే వినిపించాను, చివరికి రెండూ కలిపాను. నలుపు తెలుపుల్లో తీసిన ఆ వెన్నెలను తెలుగువాళ్లు నేటికీ బార్‌ట్లీ పేరు పెట్టి చెప్పుకుంటారు. అదంతా బార్‌ట్లీ దీపాలతో, కెమెరాతో అల్లిన వెన్నెల అని చెబితే పిల్లలు నమ్మలేదు. నీళ్ల మీద మెరుపును చూడండి, ముఖాల మీద పడుతున్న వెలుగును చూడండి అని ఒక్కొక్క ఫ్రేమును ఆపుతూ పోయాం. ఒక పీరియడ్ అయిపోయింది, పాట సగమే అయింది. అంత నెమ్మదిగా దేన్నైనా చూడటం ఈ కాలపు పిల్లలకు ఎంత అరుదో ఏ ఉపాధ్యాయుడిని అడిగినా చెబుతారు.

తెర మీద ఉన్నదాన్ని చూడటం ఒక పాఠమైతే, లేనిదాన్ని గమనించడం ఇంకొంచెం పెద్ద పాఠం. మహాభారత పాత్రలతో నడిచే ఈ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. ఈ సంగతి చెప్పకుండా, ధర్మరాజుగా ఎవరు వేశారో రాసుకొని రమ్మని పంపించాను. మర్నాడు తగువులాడినట్టు వచ్చారు. మరి వాళ్లను ఎందుకు వదిలేశారు అన్న ప్రశ్న మీద అరగంట మాట్లాడుకున్నాం. "పెళ్లి కథకు సుభద్ర ఉంటే చాలు మేడం, పాండవులొస్తే యుద్ధం గుర్తొస్తది" అని ఒక విద్యార్థిని అన్నది. కథనం మీద అంతకన్నా మంచి మాట నాకు గైడులో ఎక్కడా దొరకలేదు.

సినిమా జాతులను గుర్తుపట్టడానికి మనం పరాయి పదాలు వెతుక్కోనవసరం లేదు. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అని మన పత్రికలూ ప్రేక్షకులూ ఎప్పుడో పేర్లు పెట్టుకున్నారు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' జానపదం, 1938 నాటి 'మాలపిల్ల' సాంఘికం. ఈ గడుల్లో సినిమాలను సర్దడం పిల్లలు గంటలో నేర్చుకుంటారు. ఆ గడి సరిపోనప్పుడు ఏం జరుగుతుందన్నదే అసలు చదువు. మాయాబజార్‌ను పౌరాణికం అంటాం. కానీ శశిరేఖ కథ వ్యాస భారతంలో లేదు, జనం నోట పెరిగిన కథ. ఆ పెళ్లింటి మర్యాదలు, వియ్యాలవారి ఎత్తిపొడుపులు, గోంగూర ముచ్చట్లు అన్నీ మన ఇళ్లలోవే. అయితే ఇది పౌరాణికమా, సాంఘికమా, జానపదమా అని తరగతిని మూడు జట్లుగా విడగొట్టి వాదించుకోమంటే, ప్రతి జట్టూ సినిమాలోంచి రుజువు చూపించక తప్పదు. రుజువు చూపించి మాట్లాడటం ఏ సబ్జెక్టుకు పనికిరాదు?

ఇందులో తెలంగాణకు సొంతమైన సామగ్రి కూడా ఎంతో ఉంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన 'మాభూమి' తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెరకెక్కించింది. సాంఘిక శాస్త్రంలో చదివిన భూస్వామ్యానికి అక్కడ గోడలు, పొలాలు, మనుషుల ముఖాలు కనిపిస్తాయి. 'బండెనక బండి కట్టి' పాటను గద్దర్ తెర మీద పాడుతున్నప్పుడు కెమెరా ఎవరి వైపు నిలబడిందో పిల్లల్ని అడిగి చూడండి. స్టూడియోలో కట్టిన ద్వారకకూ, ఊళ్లోకి వెళ్లి తీసిన పల్లెకూ తేడా వాళ్లే చెబుతారు. ఇలాంటి సినిమాల్లో పదిహేనేళ్ల పిల్లలకు తగని ఘట్టాలు ఉండవచ్చు కనుక, ఉపాధ్యాయులు ముందుగా చూసి భాగాలను ఎంచుకోవాలన్న నియమం ఉండవలసిందే.

మాయాబజార్‌లో 'ప్రియదర్శిని' అనే పెట్టె ఒకటి వస్తుంది. మూత తెరిచినవారికి ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. మా పిల్లల చేతుల్లో ఉన్న ఫోను సరిగ్గా ఆ పెట్టెలాగే పనిచేస్తోంది. ఎవరికి ఏది ఇష్టమో అదే మళ్లీ మళ్లీ చూపిస్తుంది, దాన్ని నిజమని నమ్మిస్తుంది. కత్తిరించి అతికించిన వీడియోను, సంగీతం పెట్టి రెచ్చగొట్టే ముప్పై సెకన్ల ముక్కను చూసినప్పుడు, ఇది ఎక్కడ కోశారు, ఈ కోణంలో ఎందుకు తీశారు, ఈ సంగీతం లేకపోతే నాకు ఇలాగే అనిపించేదా అని తమను తాము ప్రశ్నించుకునే అలవాటు పిల్లలకు ఎక్కడో ఒకచోట రావాలి. నాకు తెలిసి అందుకు బడికన్నా తగిన చోటు లేదు. ఫ్రాన్సులో మాధ్యమిక పాఠశాలల పిల్లలను విద్యాసంవత్సరంలో థియేటరుకు తీసుకెళ్లి, చూసిన సినిమా మీద పాఠం చెప్పే పథకం 1989 నుంచి నడుస్తోంది. అంత ఏర్పాటు నేను అడగడం లేదు.

తరగతిలో సినిమా అనగానే కాలక్షేపం అనుకునేవారు మన శాఖలోనే ఉన్నారు. ఒకసారి మేము ఫ్రేములు ఆపి చూస్తున్న సమయంలో తనిఖీకి వచ్చిన ఒక అధికారి, సిలబస్ పూర్తికాకుండా సినిమాలేమిటని పిల్లల ముందే నన్ను మందలించారు. మేము చెబుతున్నదే సిలబస్ అని వాచకం తెరిచి చూపించవలసి వచ్చింది. ఆ తరువాత చాలా రోజులు తలుపు వేసుకొని పాఠం చెప్పాను. తోటి ఉపాధ్యాయుల్లో చాలామంది ఆ ఇబ్బందికి వెరిచే ఈ యూనిట్‌ను చదివించి దాటేస్తున్నారు. హక్కుల చిక్కు వస్తుందేమోనన్న భయం మరికొందరిది. విద్యాసంస్థలో బోధనలో భాగంగా, విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే పరిమితమైన ప్రదర్శనకు మన కాపీరైట్ చట్టం మినహాయింపు ఇస్తోంది. ఆ చట్టమూ 1957లో వచ్చినదే.

అందుచేత మొదట కావలసింది ఒక ఉత్తర్వు. నాలుగో యూనిట్ బోధనలో సినిమా ప్రదర్శన, చర్చ భాగమని, వాటికి కనీసం ఆరు పీరియడ్లు కేటాయించవచ్చని అందులో స్పష్టంగా ఉండాలి. మూడు గంటలు దాటిన సినిమాను ఒక్క బిగిన చూపించడం కుదరదు కాబట్టి, శనివారం మధ్యాహ్నాలను వాడుకొనే వీలు ప్రధానోపాధ్యాయులకు ఇవ్వాలి. రెండవది శిక్షణ. సినిమా అధ్యయనానికి ప్రత్యేక విభాగం ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే ఉంది. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ వారితో కలిసి వేసవిలో మూడు రోజులు మాకు నేర్పిస్తే చాలు. పరికరాలేవీ అక్కర్లేదు, మా దగ్గరున్న తెరా ఫోనూ సరిపోతాయి. డిజిటల్ తెర ఇంకా అందని బడులకు మాత్రం ముందు అది అందాలి.

పరీక్ష మారకపోతే ఇవన్నీ నిలబడవని అనుభవం మీద చెబుతున్నాను. ఏడాది మధ్యలో బడిలోనే జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లలు పుస్తక సమీక్ష రాస్తున్నారు. ఒక దఫా దాని స్థానంలో ఒక సన్నివేశ సమీక్షను అనుమతించండి. వార్షిక పరీక్షలో దర్శకుడి పేరు అడిగే ప్రశ్నకు బదులు, ఒక సన్నివేశాన్ని నాలుగు వాక్యాల్లో వర్ణించి, దీన్ని నువ్వు తీస్తే కెమెరాను ఎక్కడ పెడతావు, ఎందుకు అని అడగండి. ఆ ప్రశ్నకు గైడులో జవాబు ఉండదు.

నాలుగో యూనిట్ మొదలయ్యే నాటికి ఆ ఉత్తర్వు మండల విద్యాధికారుల చేతికి అందితే, ఈ ఏడాది పదో తరగతి పిల్లలకే అది ఉపయోగపడుతుంది. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

భవదీయురాలు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఇంగ్లీషు ఉపాధ్యాయిని