నటి గురువైన వేళ: మన నాటక సంఘం వార్షిక నివేదిక

సంఘ సభ్యులకు, శ్రేయోభిలాషులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

ఈ ఏడాది మన కార్యక్రమాలన్నీ ఒక ప్రశ్న చుట్టూనే తిరిగాయి. తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఒకప్పుడు రంగస్థలం ఎక్కిన స్త్రీలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? పెళ్లి, పిల్లలు, వయసు, గొంతు తగ్గడం... ఏదో ఒక కారణంతో వేషం ఆగిపోయింది. వేషంతో పాటు విద్య కూడా ఆగిపోవాలా? గత సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేవనెత్తిన ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ, నటిగా మొదలై నటనా గురువుగా పేరు తెచ్చుకున్న స్టెల్లా అడ్లర్ జీవితాన్ని నెలవారీ సమావేశాల్లో చర్చకు తీసుకున్నాం. ఎక్కడో అమెరికా ఆవిడ మనకెందుకని మొదట్లో కొందరు పెద్దలు అడిగారు. రెండు మూడు సమావేశాలు గడిచేసరికి వాళ్లే ముందుగా వచ్చి కూర్చోసాగారు.

స్టెల్లా 1901లో న్యూయార్క్‌లో పుట్టారు. తల్లి సారా, తండ్రి జేకబ్ అడ్లర్ యిడ్డిష్ (యూదులు మాట్లాడే ఒక భాష) నాటకరంగంలో పేరు మోసిన నటులు. తోబుట్టువుల్లోనూ పలువురు నటులే. ఆమె నాలుగేళ్ల వయసులోనే రంగస్థలం ఎక్కారు. ఈ సంగతి చెబుతుండగానే సభలో అందరి నోటా సురభి నాటక సమాజం మాట వచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాంది పలికిన ఆ సమాజంలోనూ పిల్లలు తెర వెనకే నిద్రపోయి, తెర ముందుకు వచ్చి మాటలు నేర్చుకున్నారు. కుటుంబమే పాఠశాల అయినచోట ఎవరూ విడిగా నటన నేర్పరు, చూసి పట్టుకోవలసిందే. అలా పట్టుకున్న విద్యను బయటివాళ్లకు విడమరచి చెప్పగలగడం వేరే సామర్థ్యం. స్టెల్లా గొప్పతనం అక్కడుంది.

1931లో ఆమె న్యూయార్క్‌లో కొత్తగా ఏర్పడిన గ్రూప్ థియేటర్‌లో చేరారు. అక్కడ శిక్షణ ఇస్తున్న లీ స్ట్రాస్‌బర్గ్ పద్ధతి ప్రకారం నటుడు తన సొంత జీవితంలోని దుఃఖాన్నో భయాన్నో తవ్వి తీసి పాత్రకు అరువివ్వాలి. స్టెల్లాకు అది పడలేదు. 1934లో పారిస్‌లో ఉన్న రష్యన్ నాటక దర్శకుడు, స్ట్రాస్‌బర్గ్ పద్ధతికి మూలపురుషుడు స్తానిస్లావ్‌స్కీని స్వయంగా కలుసుకుని, మీ పద్ధతి వల్ల నాకు నటన మీద ఇష్టమే పోతోందని మొహం మీదే చెప్పేశారు. అంత పెద్దాయన కోపగించుకోలేదు. కొన్ని వారాలపాటు ఆమెతో కూర్చుని పనిచేశారు. సొంత జ్ఞాపకాల కంటే పాత్ర ఉన్న పరిస్థితి, ఊహ, చేసే పని ముఖ్యమని ఆమెకు అప్పుడు స్పష్టమైంది. తిరిగి వెళ్లి తోటి నటులకు ఆ మాట చెప్పారు. స్ట్రాస్‌బర్గ్ ఒప్పుకోలేదు. ఆ ఇద్దరి మధ్య వచ్చిన తేడా వాళ్ల శిష్యుల్లో తర్వాత కూడా కొనసాగింది.

ఆ నెల సమావేశం రాత్రి పొద్దుపోయేదాకా సాగింది. మన పద్యనాటకాల్లో హరిశ్చంద్ర కాటి సీను ఉంది కదా, చనిపోయిన కొడుకును శ్మశానానికి మోసుకొచ్చిన చంద్రమతి కళ్లలో నీళ్లు రావడానికి నటి తన ఇంట్లో చావును తలుచుకోవాలా? తలుచుకుంటే పద్యం ఎలా పాడుతుంది? ‘వన్స్ మోర్’ అని కేకలు పడితే బిడ్డ శవాన్ని ఒడిలో పెట్టుకుని అదే పద్యం మళ్లీ ఎలా ఎత్తుకుంటుంది? దీనికి సమాధానం ఒక పెద్దావిడ ఇచ్చారు. చిత్తూరు వైపు చాలా ఏళ్లు చంద్రమతి వేషం కట్టిన ఆ తల్లి, “నాకు వెయ్యడమే వచ్చు నాయనా, నేర్పడం రాదు” అంటూనే లేచారు. ఒక దుప్పటి చుట్ట చుట్టి మన కళాశాల విద్యార్థిని చేతికిచ్చారు. ఆ అమ్మాయి దాన్ని గుండెకు హత్తుకుని ఏడవబోయింది. “ఆగు తల్లీ. మెడ కింద చెయ్యి పెట్టకుండా ఎత్తితే బిడ్డ తల వేలాడదా? అడవిలోంచి మోసుకొచ్చావు, చేతులు పీకుతుంటాయి. ముందు ఆ నొప్పి రానీ, పద్యం తర్వాత ఎత్తుకుందువుగాని” అన్నారు. అమ్మాయి చెయ్యి మార్చుకుంది. మోకాళ్లు కొద్దిగా వంగాయి. దుప్పటిచుట్టకు బరువు వచ్చింది. స్టెల్లా పేరు అంతకుముందు వినని ఆ పెద్దావిడ, స్టెల్లా జీవితాంతం నేర్పిన పాఠాన్నే నేర్పారు. ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే.

స్టెల్లా నటించిన సినిమాలు మూడే. ఆమెకు శాశ్వత కీర్తి తెచ్చింది తరగతి గది. 1940లలో ఆమె దగ్గర నేర్చుకున్న హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో తన నటనకు ఆమే కారణమని చెప్పుకున్నారు. 1949లో న్యూయార్క్‌లో ఆమె సొంత శిక్షణాలయం తెరిచారు. మరో హాలీవుడ్ నటుడు రాబర్ట్ డి నీరో కూడా ఆమె శిష్యుడే. ఒకసారి తరగతిలో, మీరంతా కోళ్లు, పైనుంచి అణుబాంబు పడబోతోంది, ఎలా ప్రవర్తిస్తారని ఆమె అడిగితే అందరూ రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తారని, బ్రాండో మాత్రం గుడ్డు పెడుతూ కూర్చున్నారని, బాంబు సంగతి కోడికేం తెలుసన్నారని చెప్పుకుంటారు. మన పిల్లల చేత కూడా ఇది చేయించాం. హాలంతా కోడిపిల్లల గోలే. 1992లో లాస్ ఏంజెలస్‌లో కన్నుమూసేదాకా ఆమె గురువుగానే బతికారు.

లోకాన్ని గమనించమని ఆమె శిష్యులకు పదే పదే చెప్పేవారు. అందుకే తాతయ్యగుంట గంగమ్మ జాతరకు శిక్షణలో ఉన్న పిల్లలందరినీ తీసుకెళ్లాం. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... చిన్నప్పటి నుంచి చూస్తున్నవే అయినా ఈసారి వేషం కట్టినవాళ్ల నడకను, చీర కట్టిన మగవాళ్ల చేతుల కదలికను చూసి రాసుకు రమ్మన్నాం. చిత్తూరు జిల్లాలో భారతం (మహాభారత కథను ఆడే ఊరి ఉత్సవం) జరిగిన ఒక ఊరికి కూడా వెళ్లాం. అర్జునుడి తపస్సు ఘట్టం కోసం నిలబెట్టిన ఎత్తైన తపస్సు మానును అర్జున వేషధారి పద్యాలు పాడుతూ ఎక్కుతుంటే కింద జనం చేతులు జోడించారు. చూసేవాళ్ల నమ్మకం నటుడికి ఎంత బలమిస్తుందో పిల్లలకు అక్కడ తెలిసింది.

తెలుగునాట లక్ష్మీదేవి కనకాల నటిస్తూనే భర్త దేవదాస్ కనకాలతో కలిసి హైదరాబాదులో నటన నేర్పారు. వారి మీద ఒక సమావేశం జరపాలని కొందరు కోరారు. వచ్చే ఏడాది తప్పక జరుపుతాం.

మిగతా విషయాలు క్లుప్తంగా. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. హాలు అద్దె పెరిగినందువల్ల రిహార్సల్స్ కొన్ని సభ్యుల ఇళ్లలోనే జరిగాయి, వారికి కృతజ్ఞతలు. చందా బాకీ ఉన్నవారు కోశాధికారిని కలవాలి.

రాబోయే ఏడాదికి కార్యవర్గం ఒక తీర్మానం ప్రతిపాదిస్తోంది. ఆదివారం తరగతులను ఇకపై వేషం మానేసిన మన నటీమణులే నడపాలి. వారికి గౌరవవేతనం, రాకపోకల ఖర్చు సంఘమే భరించాలి. సన్మానం చేసి శాలువా కప్పి పంపేయడం మనకు బాగా అలవాటైంది. వారికి కావలసింది శిష్యులు. శ్రీకాళహస్తి, పుత్తూరు, చంద్రగిరి, మదనపల్లె, ఎక్కడైనా సరే, మీకు తెలిసిన పాత నటీమణులుంటే వారి అంగీకారం తీసుకుని ఉగాదిలోగా కార్యదర్శికి తెలియజేయండి. కాటి సీను నేర్పిన పెద్దావిడ మొదటి తరగతి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. దుప్పటి తనే తెచ్చుకుంటానన్నారు.

ఇట్లు,
కార్యవర్గం, తిరుపతి