పాప పంటికి పూసిందేమిటో మాకు చెప్పించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది మల్కాజిగిరి. పోయిన నెల మా ఏడేళ్ల పాపకి ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఒక వైపు దవడ పళ్లకి సీలెంట్, అంటే పళ్లు పుచ్చకుండా కాపాడే పూత, వేశారు. తెల్లటి జిగురు పూసి, నీలం లైటు పెట్టి గట్టిపరిచారు. పాప నాలుకతో తడుముకుని "అమ్మా, చేదుగా జారుతోంది" అంది. పుక్కిలించమని ఎవరూ చెప్పలేదు. నోట్లో ఊరిందంతా మింగేసింది. ఏం మందు పూశారంటే "మంచి కంపెనీదేనమ్మా" అన్నారు, అంతే.

సీలెంట్లు వద్దని నేననడం లేదు. పుచ్చిపంటి నొప్పితో బిడ్డ రాత్రంతా ఏడిస్తే ఎలా ఉంటుందో మా పెద్దవాడితో చూశాను. కానీ ఇవి ప్లాస్టిక్ రెసిన్లండీ. చాలావాటిలో ఉండే బిస్-జీఎంఏ అనే రెసిన్‌ని బిస్‌ఫినాల్-ఏ నుంచే తయారుచేస్తారు. ఒంట్లో హార్మోన్ల పనిని చెడగొట్టొచ్చని అనుమానించే రసాయనమది. బిస్-డీఎంఏ అనే ఇంకో రెసిన్ అయితే లాలాజలంలో విడిపోయి బిస్‌ఫినాల్-ఏని వదులుతుంది. సీలెంట్ వేసిన గంటలో సేకరించిన లాలాజలంలో దాన్ని 1996లోనే స్పెయిన్ పరిశోధకులు గుర్తించారు. మోతాదు కొద్దిదే, త్వరగానే తగ్గుతుంది, నిజమే. అయినా యూరప్ 2011లో, అమెరికా 2012లో పాలసీసాల్లోంచి తీయించిన పదార్థమది.

గట్టిపడకుండా పైన మిగిలిన జిగురుని దూదితో తుడిచి, పుక్కిలింపజేసి ఉమ్మిస్తే చాలావరకు పోతుంది. ఎంతసేపు పని? అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాల మొదలు గల్లీ క్లినిక్ దాకా ఇది తప్పనిసరి చేయండి. బిస్-డీఎంఏ ఉన్నవి పిల్లలకి వాడనివ్వకండి. రెసిన్ పేరు బిల్లు మీద తెలుగులో, ఉర్దూలో రాయించండి.

పాపకి రెండోవైపు దసరా సెలవుల్లో వేయించాలి. ఆలోపు మీ సర్క్యులర్ కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక తల్లి