కుడిచేతి కొలత

చిరంజీవి చిట్టితల్లికి నాన్న దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అత్తయ్య ఇంట్లో నువ్వు కూడా క్షేమంగానే ఉన్నావని తలుస్తున్నాను. ఈ ఉత్తరానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు. నీ దగ్గరి నుంచి ఉత్తరం వచ్చి నాలుగు వారాలు దాటిన మాట నిజమే గాని, నేను ఆ లెక్క పెట్టుకుని కూర్చోలేదు. మొన్న చిన్నమామయ్య ఫోన్ చేసినప్పుడు మాటల మధ్యలో, పార్కు గోడ దగ్గర రాత్రి తొమ్మిది దాటాక కొందరు పిల్లలు టార్చిలైటు పట్టుకుని కాపు కాశారనీ, వాళ్లలో మన అమ్మాయి కూడా ఉన్నట్టు ఎవరో అన్నారనీ చెప్పాడు. మామయ్య చెప్పే మాటల్లో సగం తీసేయాలని మీ అమ్మ మా పెళ్లైన నాటి నుంచీ చెబుతూనే ఉంది. ఏ సగం తీసేయాలో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

అది అలా ఉంచు. పోయిన ఉత్తరంలో నువ్వు అడిగిన ప్రశ్నకు నేను జవాబు రాయలేదు కనుక, ఈ ఉత్తరం ఆ పని మీదనే అనుకో. "గోడ మీద పులిమిన రంగును మేం తుడుస్తున్నాం, వారం తిరగకుండానే మళ్లీ పులుముతున్నారు, ఎన్నిసార్లు తుడవాలి నాన్నా" అని అడిగావు. ఏడో తరగతి పిల్లలు ఏడుగురు కలిసి గోడనూ, బస్ షెల్టరునూ, గ్రంథాలయం మెట్లనూ చూసుకోవడం మొదలుపెట్టారంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. చెబితే నీకు గర్వం పెరుగుతుందని మీ నానమ్మ హెచ్చరించింది కనుక చెప్పను కూడా. నీ ప్రశ్నకు జవాబు, వాళ్లు రాసిన దానికంటే ఒక్కసారి ఎక్కువ తుడవాలి అన్నదే.

ఇది నా సొంత తెలివి కాదు. న్యూయార్క్ నగరంలో భూగర్భ రైలు పెట్టెల నిండా లోపలా బయటా రంగు రాతలే ఉండే కాలం ఒకటి ఉండేది. 1984లో అక్కడి అధికారులు ఒక నియమం పెట్టుకున్నారు. ఒకసారి శుభ్రం చేసిన పెట్టె మీద మళ్లీ రాత కనబడితే, దాన్ని తుడిచేదాకా పట్టాల మీద తిప్పకూడదు. రాసేవాడికి కావలసింది తన రాత ఊరంతా తిరగడం. అది తిరగనప్పుడు వాడి రంగూ వృథా, రాత్రంతా మేల్కొన్న శ్రమా వృథా. ఐదేళ్లు ఓపిక పట్టారు. రాతలతో మిగిలిన చివరి రైలును 1989 మే 12న పక్కన పెట్టారు. రైళ్లు నిలిపే యార్డులకు కంచెలు వేసి కాపలా కూడా పెట్టిన మాట నిజమే. కాని ఆ కాపలా కాసినవారు జీతం తీసుకునే పెద్దవాళ్లు తప్ప ఏడో తరగతి పిల్లలు కారు. ఈ సంగతి ప్రత్యేకించి ఎందుకు రాస్తున్నానో నీకు తెలియకపోదు.

మీరు తుడిచేది ఒక్క గోడే అయినా ఫలితం ఆ గోడ దగ్గర ఆగిపోదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పట్టణంలో పరిశోధకులు సైకిళ్లు నిలిపే ఒక సందును ఎంచుకుని, సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించారు. అక్కడ చెత్తబుట్ట లేదు. పక్కనున్న గోడ శుభ్రంగా ఉన్నప్పుడు కరపత్రాన్ని నేల మీద పారేసినవారు నూటికి 33 మంది. అదే గోడ మీద రాతలు ఉన్నప్పుడు 69 మంది. సందు అదే, మారింది గోడ ఒక్కటే. ఈ ప్రయోగం వివరాలు 2008లో ప్రచురించారు. అత్తయ్య "గోడ తుడిస్తే మార్కులు వస్తాయా" అన్నప్పుడు నువ్వు మూతి ముడుచుకుని ఊరుకున్నావట. ఈసారి ఈ లెక్క చెప్పు. అత్తయ్యకు లెక్కలంటే గౌరవం.

అయితే మీ బృందంలో అందరూ "ఆ రౌడీలు" అని రాసుకుంటున్నారని నీ ఉత్తరం చూస్తే తెలిసింది. ఆ మాట మానుకుంటే మంచిది. 1969లో ఫిలిప్ జింబార్డో అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో నంబరు ప్లేట్లు తీసి, ముందు మూత ఎత్తిపెట్టిన ఒక పాత కారును వీధిలో వదిలి, దూరం నుంచి చూస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలు తిరగకముందే మొదట వచ్చి రేడియేటరు, బ్యాటరీ విప్పుకుపోయింది ఎవరనుకున్నావు? తల్లీ, తండ్రీ, వాళ్ల చిన్న కొడుకూ. ఆ కుర్రవాడు తరువాత ఏమయ్యాడా అని నేను చాలాసార్లు అనుకున్నాను. విధ్వంసం చేసేవాడి ముఖం ఎప్పుడూ మనం ఊహించుకున్నట్టు ఉండదు. ఇంగ్లీషులో ఈ పనికి ఉన్న వాండలిజం అనే పేరు కూడా 455లో రోమ్ నగరాన్ని దోచిన వాండల్ జాతి మీదుగా వచ్చిందే. ఫ్రెంచి విప్లవ కాలంలో కళాఖండాలను పగలగొడుతున్నవారిని నిందించడానికి 1794లో గ్రెగ్వార్ అనే మతాధికారి ఆ మాటను వాడుకలోకి తెచ్చాడు. పగలగొట్టింది తనవాళ్లు, చెడ్డపేరు మోసింది పదమూడు వందల ఏళ్ల కిందటి పరాయివాళ్లు. మనిషి స్వభావం అది.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాత్రి మీరు కాపు కాస్తే (కాశారని నేను అనడం లేదు, కాస్తే అంటున్నాను) టార్చిలైటు వెలుగులో కనిపించే ముఖం మీ బడిలోదే అయితే ఏం చేద్దామనుకున్నారు? పేరు పెట్టి పిలుస్తారా, వెంటపడతారా? చేతిలో స్ప్రే డబ్బా ఉన్నవాడు పట్టుబడతానన్న భయంతో ఏం చేస్తాడో వాడికే తెలియదు. వాడి వెనక మరో నలుగురు ఉంటే సంగతి ఇంకా వేరు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు కారు నడిపే కంప్యూటర్ ఆట ఒకటి ఆడించి చూశారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు, ఒంటరిగా ఆడినప్పటికంటే ఈడువాళ్లు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ తెగింపు చూపించారు. 24 దాటినవాళ్లలో ఆ తేడా కనబడలేదు. ఇది గోడ మీద రాసే పిల్లలకు వర్తించినట్టే, వాళ్లను పట్టుకోవాలని బయలుదేరిన ఏడుగురికీ వర్తిస్తుంది. నువ్వు ఒక్కదానివే అయితే ఆ చీకట్లోకి వెళ్లవని నాకు తెలుసు. ఏడుగురు కనుకనే నాకు భయం.

ఈ విషయంలో నాకు అనుభవం ఉంది. బెంచీ కథ మీ బాబాయి నీకు సగం చెప్పే ఉంటాడు, తాను లేని సగం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పార్కులో ఇనుప చట్రానికి చెక్క పలకలు బిగించిన పొడవాటి బెంచీ ఒకటి ఉండేది. నడిమి పలక కొంచెం వదులైంది. మేం నలుగురం. ఒకడు దాని మీద ఎక్కి గెంతాడు, అది కిర్రుమంది, అందరం నవ్వాం. రెండోవాడు గెంతాడు, ఇంకా గట్టిగా నవ్వాం. చివరి వంతు నాది కనుక అందరికంటే ఎత్తు ఎగిరి గెంతాను. పలక రెండు ముక్కలైంది. ఆ క్షణంలో నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు, విజయం. మరునాటి సాయంత్రం తాతయ్య షికారు నుంచి తొందరగా తిరిగి వచ్చి, కూర్చునే బెంచీ విరిగిపోయిందనీ, మధ్యలో ఆగి కూర్చోకపోతే మోకాళ్లు ఇంటిదాకా రానివ్వవనీ నానమ్మతో చెబుతుంటే, నేను పక్క గదిలో పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను. ఆ తరువాత ఆయన గేటు దాకా వెళ్లి వెనక్కి రావడం మొదలుపెట్టారు.

ఒప్పుకునే ధైర్యం లేక, బాగుచేసే సాహసం చేశాను. అటక మీద పాత మంచం తాలూకు పలక ఉంటే తీసి, సుత్తీ మేకులూ సంపాదించి, అందరూ పడుకున్నాక మీ బాబాయిని కాపలా పెట్టుకుని వెళ్లి బిగించాను. చీకట్లో పని బాగానే కుదిరిందనిపించింది. కింది నుంచి కొట్టిన మేకులు పలక మందం కంటే పొడవైనవని మాకు తెలియలేదు. పలక మీద చెయ్యి పెట్టి తడిమి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. మరునాడు ఆ బెంచీ మీద మొదట కూర్చున్నది తాతయ్యే. తొడ చీరుకుపోయి మూడు కుట్లు పడ్డాయి, ధనుర్వాతానికి ఇంజెక్షన్ కూడా వేశారు. ఇంటికి వచ్చి మంచం పట్టిన ఆయన, "ఆ పలక మన అటక మీదిది కదూ" అని మాత్రం అన్నారు. కుట్లు విప్పించుకున్నాక నన్ను వెంటబెట్టుకుని పార్కు చూసుకునే కార్యాలయానికి తీసుకువెళ్లి, జరిగింది నా నోటితోనే చెప్పించి, వడ్రంగి వచ్చిన రోజున బోల్టులు అందించే పని నాకు అప్పగించారు. తల పైకి పొడుచుకు రాకుండా బోల్టును చెక్కలోకి ఎలా దించుతారో ఆ రోజు చూశాను. అదంతా పట్టపగలే జరిగింది. ఆ బెంచీ మీద కూర్చునే ముందు చేత్తో ఒకసారి తడిమి చూసుకోవడం మాత్రం తాతయ్య చివరిదాకా మానలేదు.

అందుచేత పనిముట్ల గురించి నాలుగు మాటలు చెప్పనివ్వు. ఉపన్యాసం అనుకోవద్దు. తుడవబోయే ముందు గోడ ఎవరిదో వారి అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట రేపు ఎవరికీ గుర్తుండదు. చెయ్యి పెట్టకముందే ఫొటో తీసి తేదీ వేసుకోండి, ఫిర్యాదుకు అది పనికివస్తుంది. ఇటుక, రాయి రంగును లోపలికి పీల్చుకుంటాయి కనుక వాటిని ఇనుప బ్రష్‌తో రుద్దితే రంగు పోదు సరికదా రాయి అరిగిపోతుంది. అలాంటి చోట్లు తెలిసినవారికి వదిలేయాలి. పెయింట్ వేసి కప్పదలిస్తే గోడ రంగే వేయండి. తెల్లగోడ మీద బూడిదరంగు మచ్చ పెడితే అది మళ్లీ రాయమని పలక అందించినట్టే అవుతుంది. రంగు కరిగించే ద్రావకాలు మీరు ముట్టుకోకూడదు, ఆ పని పెద్దవాళ్లది. గాజు మీద ఆమ్లంతో గీసినట్టు పొగమంచులాంటి తెల్లటి గుర్తులు కనిపిస్తే వేలితో తాకను కూడా తాకవద్దు. వాటిలో కొన్ని చర్మం మీద వెంటనే మండకపోయినా లోపల ఎముక దాకా హాని చేస్తాయి. బస్ షెల్టరు దగ్గర పగిలిన గాజు ఉంటే చేత్తో ఏరవద్దు.

మామయ్య ఇంకొక మాట కూడా అన్నాడు. ఆదివారం నాడు నీ కుడిచేతికి గుడ్డ కట్టు ఉందట. ఇది ఏ సగంలోదో నాకు తెలియదు. అయితే నీ పోయిన ఉత్తరం తీసి మళ్లీ చూశాను. మొదటి పేజీలో నిటారుగా ఉన్న నీ అక్షరాలు చివరి నాలుగు వరుసల్లో పక్కకు ఒరిగాయి. మీ అమ్మ నిద్రమత్తు అంటోంది, కావచ్చు. గాజు తెగినా, మేకు గీరినా ధనుర్వాతం తుప్పు వల్ల రాదనీ, మట్టిలో ఉండే సూక్ష్మజీవి వల్ల వస్తుందనీ, గాయం చిన్నదని ఊరుకోకుండా సబ్బుతో కడిగి డాక్టరుకు చూపించుకోవాలనీ నీకు తెలుసు. చివరి ఇంజెక్షన్ ఎప్పుడు వేయించామో నీ చీటీలో ఉంటుంది. అత్తయ్యను అడుగు, చీటీ అద్దం వెనక ఉంది.

రాసేది ఎవరో మీకు తెలిసిపోయి, అది పక్కింటి అబ్బాయే అయి, ఆ కారణంగా నువ్వు ఉత్తరాలు మానేసి ఉంటే, నేను కోప్పడను. వాడు నీతో పాటు మా ఇంట్లో తిరిగినవాడు. చెప్పడం వాడికి ద్రోహం కాదు. మీ టీచరమ్మకు చెబితే ముందు వాడితోనే మాట్లాడుతుంది. వాడు తుడిచే బ్రష్ పట్టుకుంటే మీరు ఎనిమిది మంది అవుతారు. పేరు నాకు రాయనవసరం లేదు. ఆ రాత్రి అక్కడ ఉన్నది నువ్వేనా కాదా అన్నది మాత్రం రాయి.

గోడ పని కోసం రబ్బరు చేతితొడుగులు, కళ్లకు అద్దాలు నీకు పంపుతున్నాను, మిగతా ఆరుగురికీ కూడా. నీ తొడుగుల కొలత నాకు తెలియదు. ఈ ఉత్తరం అందిన రోజునే తెల్లకాగితం మీద నీ చెయ్యి ఆనించి, వేళ్లు విడదీసి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపించు. కట్టు ఉంటే కట్టుతోనే గీయి. ఎడమచెయ్యి వద్దు, కుడిచెయ్యే కావాలి.

ఆశీస్సులతో,
నాన్న