గాలిలో కాంతి వంపు, భూమి వంపు: పదో తరగతి చర్చ గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి పిల్లలు విజ్ఞానశాస్త్రం పీరియడులో జరిపిన చర్చ గురించి మీలో కొందరు ఆందోళనగా అడిగారు. వాతావరణ వక్రీభవనం (గాలి పొరల్లో కాంతి వంగడం) పాఠం వింటూ ఒక విద్యార్థి లేచి, గాలిలో కాంతి వంగుతుందని మీరే చెబుతున్నారు కదా, అయితే దూరాన వెళ్తున్న పడవ అడుగుభాగం కనబడకపోవడం కూడా ఆ వంపు వల్లే అయివుండవచ్చు కదా, భూమి గుండ్రంగా ఉందని దాన్ని బట్టి ఎలా చెప్పగలం అని అడిగాడు. ఉపాధ్యాయురాలు ఆ ప్రశ్నను తోసిపుచ్చకుండా తరగతిని రెండు పక్షాలుగా చేసి వాదించమన్నారు. పబ్లిక్ పరీక్షల ఏడాదిలో, అందులోనూ తేలిపోయిన విషయం మీద, ఈ వాదన ఎందుకని మీ సందేహం. ఆ చర్చ నా అనుమతితోనే జరిగింది. ఈ ఏడాది మన బడిలో జరిగిన మంచి పాఠాల్లో అదొకటని నేను నమ్ముతున్నాను.

ముందుగా, ఆ విద్యార్థి మాటలో మొదటి సగం పూర్తిగా నిజం. నేలకు దగ్గరగా గాలి సాంద్రత ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. అందువల్ల దూరం నుంచి వచ్చే కాంతికిరణం నేలవైపు కొద్దిగా వంగుతూ వస్తుంది. దిగంతం దగ్గర ఈ వంపు అర డిగ్రీకి కొంచెం పైనే ఉంటుంది. సూర్యబింబం వెడల్పు కూడా దాదాపు అంతే కాబట్టి, సాయంత్రం బింబం దిగంతాన్ని తాకినట్టు మనకు కనిపించే సమయానికి సూర్యుడు నిజానికి కిందికి దిగిపోయి ఉంటాడు. ఇంత స్పష్టంగా పాఠ్యపుస్తకమే చెబుతున్నప్పుడు, ఆలోచించే పిల్లవాడికి ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యపడాలి.

అయితే కాంతి వంగుతుందని చెప్పినంత మాత్రాన వాదన నెగ్గదు. ఎటు వంగుతుందో, ఎంత వంగుతుందో కూడా చెప్పాలి. చర్చ అసలు రసవత్తరంగా మారింది ఇక్కడే. కిరణం నేలవైపు వంగితే దూరపు వస్తువు ఉన్నచోటి కంటే పైకి లేచినట్టు కనిపిస్తుంది, అంటే వక్రీభవనం మామూలుగా భూమి వంపులో కొంత భాగాన్ని మన కంటికి తెలియకుండా చేస్తుందే తప్ప, లేని వంపును పుట్టించదు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కాబట్టి 10 కిలోమీటర్ల దూరంలో నేల దాదాపు 7.8 మీటర్లు కిందికి దిగుతుంది. మామూలు గాలిలో కాంతి వంపు అందులో సుమారు ఏడో వంతును, అంటే ఒక మీటరుకు కొంచెం పైన, తిరిగి ఇస్తుంది. మిగతా ఆరున్నర మీటర్ల పైచిలుకు దిగుదలకు గాలి సమాధానం చెప్పలేదు.

బల్లపరుపు నేల గుండ్రంగా కనబడాలంటే కాంతి దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, ఆకాశంవైపు వంగాలి. అందుకు పైకి వెళ్లేకొద్దీ గాలి సాంద్రత పెరుగుతూ పోవాలి. లెక్క వేస్తే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు 15 డిగ్రీల సెల్సియస్‌కు పైగా చల్లబడాలి. సగటున జరిగేది 0.65 డిగ్రీలే. కొండవీడు కొండ ఎక్కినవారికి ఆ తేడా అనుభవమే. అంత వేడిగాలి కింద, అంత చల్లగాలి పైన రోజంతా నిలిచి ఉండడం సాధ్యం కాదు, కిందిది వెంటనే పైకి లేస్తుంది. మే నెలలో గుంటూరు రోడ్డు మీద మధ్యాహ్నం కనిపించే ఎండమావి ఇటువంటి పరిస్థితిలోనే పుడుతుంది, కానీ అది కాలుతున్న తారును ఆనుకున్న పలుచని పొరకే పరిమితం.

పడవ అడుగు కనబడకపోవడానికి కాంతి వంపే కారణమన్న పక్షం పిల్లలు ఈ ఎండమావినే పట్టుకుని గట్టిగా వాదించారు. వెచ్చని నీటి మీద చూసినప్పుడు పడవ అడుగు ఎండమావిలో మాయం కావచ్చన్న మాట సరైనదే, దాన్ని రెండో పక్షం ఒప్పుకుంది కూడా. నీటికి మరీ దగ్గరగా చూస్తే ఎవరి కళ్లైనా మోసపోతాయి. 1838లో ఇంగ్లండులో శామ్యూల్ రౌబోథమ్ అనే ఆయన ఓల్డ్ బెడ్‌ఫోర్డ్ అనే తిన్నని కాలువలో దిగి, నీటికి 20 సెంటీమీటర్ల ఎత్తున టెలిస్కోపు పెట్టి, దాదాపు 10 కిలోమీటర్ల దూరం వెళ్లిన పడవ జెండా చివరిదాకా కనిపించిందని, కాబట్టి భూమి బల్లపరుపని ప్రకటించారు. నీటిని ఆనుకున్న గాలి చల్లగా ఉన్నప్పుడు కిరణం ఎంతో ఎక్కువగా వంగి భూమి వంపునే అనుసరించగలదని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. 1870లో, ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని డార్విన్‌తో పాటు స్వతంత్రంగా కనుగొన్న ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్, అదే కాలువ మీద 500 పౌండ్ల పందెం కాసి పరీక్షను మళ్లీ చేశారు. ఆయన యౌవనంలో సర్వేయరుగా పనిచేసినవారు. చూపురేఖను నీటికి సుమారు 4 మీటర్ల ఎత్తుకు లేపి, సరిగ్గా నడుమ అదే ఎత్తులో ఒక గుర్తు పెట్టించారు. నేల చదునైతే చూసే చోటు, నడిమి గుర్తు, అవతలి చివర మూడూ ఒకే వరుసలో కనబడాలి. నడిమి గుర్తు స్పష్టంగా పైకి కనిపించింది. ఒకే కాలువ, రెండు ఫలితాలు. తేడా అంతా గాలిని ఎంత జాగ్రత్తగా లెక్కలోకి తీసుకున్నారన్న దాంట్లోనే ఉంది.

ప్రకాశం బ్యారేజీ మీద మనమూ ఈ పరీక్ష చేద్దామని పిల్లలు ఉత్సాహపడ్డారు. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, ఆ దూరంలో దిగుదల 12 సెంటీమీటర్లు కూడా ఉండదు, కృష్ణ మీది వేడిగాలి అంతకంటే ఎక్కువ తేడా చూపించగలదు. ఈ సంగతి వాళ్లే లెక్కగట్టి ఆలోచన మానుకున్నారు. నాకు అన్నింటికంటే ఎక్కువ సంతోషం కలిగించిన ఘట్టం ఇదే.

మన దేశపు సర్వే చరిత్ర కూడా చర్చలోకి వచ్చింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో, వీలున్నచోట రెండు కొండల మీది నుంచి ఒకరినొకరు చూసి కోణాలు కొలిచేవారు. వక్రీభవనం రెండువైపులా ఒకేలా పనిచేస్తుంది గనుక రెండు కోణాలను పోల్చినప్పుడు కొండల ఎత్తుల తేడా లెక్కలోంచి అది కొట్టివేయబడుతుంది. అదే సర్వేలో గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్ ఎత్తు లెక్కగట్టిన ఎవరెస్టు శిఖరాన్ని 160 కిలోమీటర్లకు పైగా దూరంలోని మైదానాల నుంచి చూశారు. అంత దూరంలో భూమి వంపు దిగుదల 2 కిలోమీటర్లకు పైనే. దాన్నీ, కాంతి వంపునూ విడివిడిగా సరిదిద్దగలిగారు కాబట్టే 1856లో ప్రకటించిన 29,002 అడుగుల ఎత్తుకూ నేటి కొలతకూ తేడా 30 అడుగులే.

ఇక ధ్రువ నక్షత్రం విషయం చూడండి, భూమి వంపు వల్ల ఉత్తరానికి వెళ్లేకొద్దీ అది పైకి లేస్తుంది. విజయవాడలో అది దిగంతానికి దాదాపు 16.5 డిగ్రీల ఎత్తున, శ్రీనగర్‌లో 34 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మన ఊళ్లో అది కనిపించే ఎత్తులో వక్రీభవనం వల్ల వచ్చే తేడా డిగ్రీలో దాదాపు ఇరవయ్యో వంతు మాత్రమే; పదిహేడు డిగ్రీలకు పైబడిన తేడాను దానికి అంటగట్టడం కుదరదు.

మీ పిల్లలు ఇంట్లో ఇదే వాదన ఎత్తుకుంటే, పుస్తకంలో ఉంది చదువుకో అని ఆపవద్దని నా విన్నపం. ఎటు, ఎంత అని అడగండి, కాగితం మీద లెక్క వేయనివ్వండి. ఆ ప్రశ్న వేసిన విద్యార్థిని ఎవరూ ఎగతాళి చేయకూడదని తరగతిలో స్పష్టంగా చెప్పాను, మీరూ ఇంట్లో ఆ మాట చెప్పాలని కోరుతున్నాను.

వచ్చే నెల పదో తరగతిని బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి తీసుకెళ్తున్నాము. చేపల పడవలను బైనాక్యులర్లతో ఒకసారి ఇసుకలో కూర్చుని, మరొకసారి ఎత్తైన చోటు నుంచి చూసి, నీటి ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత రాసుకుంటారు. అంగీకార పత్రాన్ని సంతకం చేసి తరగతి ఉపాధ్యాయురాలికి పంపండి. బైనాక్యులర్లతో సూర్యుణ్ణి ఏ క్షణంలోనూ చూడకూడదని, నీళ్లలోకి దిగకూడదని పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి పంపించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ