దారి తెలియని చేతికి రైలు

సంపాదకుడికి,

అయ్యా,

సిబ్బంది కొరత తీర్చడానికి రైలు డ్రైవర్ల శిక్షణ కాలాన్ని కుదించనున్నారని గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. ఖాళీలు ఎంత త్వరగా నిండుతాయో చెప్పిన అధికారులు, ఆ కొత్తవారి పక్కన అనుభవజ్ఞులు ఎన్నాళ్లు కూర్చుంటారో మాటమాత్రంగానైనా చెప్పలేదు.

స్టీరింగ్ లేని ఈ బండిలో డ్రైవరు చేతిలో ఉండేది ప్రధానంగా వేగమే. నిండు గూడ్సు బండి ఆగడానికి కిలోమీటరుకు పైగా పట్టవచ్చు గనుక, మలుపు కంటపడ్డాక బ్రేకు వేస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. ఏ సిగ్నల్ ఎక్కడ కనిపిస్తుందో, ఏ పల్లంలో బండి జోరందుకుంటుందో, వాన తడికి చక్రాలు ఎక్కడ జారతాయో ముందే తెలిసి ఉండాలి. పల్లంలో పదేపదే బ్రేకు వేసి వదిలితే, బ్రేకులను పనిచేయించే గాలి గొట్టాల్లో తిరిగి నిండేలోగా వాటి పట్టు సన్నగిల్లుతుందని తరగతి గదిలో చెప్పవచ్చు. ఎంత వేయాలో మాత్రం అదే దారిలో పగలూ రాత్రీ తిరిగినవారికే తెలుస్తుంది.

1918 నవంబరు 1న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో డ్రైవర్లు సమ్మెలో ఉండగా, ఆ దారిలో ఎన్నడూ నడపని ఒక ఉద్యోగికి బండి అప్పగించారు. గంటకు సుమారు 10 కిలోమీటర్లకు మించరాని మలుపులోకి అతడు దాన్ని ఎన్నో రెట్ల వేగంతో తీసుకువెళ్లగా 90 మందికి పైగా చనిపోయారు. కంపెనీ అధికారులపై విచారణలు జరిగినా ఒక్కరికీ శిక్ష పడలేదు. దాదాపు నూరేళ్ల తరువాత, 2017 డిసెంబరు 18న, అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్రంలోని డ్యూపాంట్ దగ్గర కొత్త మార్గంలో నడిచిన మొదటి ప్రయాణికుల బండి, గంటకు 48 కిలోమీటర్ల పరిమితి ఉన్న మలుపులోకి సుమారు 125 కిలోమీటర్ల వేగంతో వెళ్లి పడిపోయింది. ముగ్గురు మరణించారు. ఆ దారిలోనూ, ఆ కొత్త ఇంజనుపైనా డ్రైవరుకు శిక్షణ చాలలేదని దర్యాప్తులో తేలింది. యంత్రాలే కాపాడతాయని చెప్పేవారు ఒక సంగతి గమనించాలి: వేగాన్ని అదుపు చేసే స్వయంచాలక వ్యవస్థ ఆ మార్గంలో అప్పటికింకా పనిచేయడం లేదు.

2005 ఏప్రిల్ 25న జపాన్‌లోని అమగసాకిలో రైలు పట్టాలు తప్పి 107 మంది ప్రాణాలు పోయినప్పుడు డ్రైవరు వయసు 23 ఏళ్లు, అనుభవం 11 నెలలు. ఆలస్యమైతే శిక్ష లాంటి పునఃశిక్షణకు పంపుతారన్న భయం కూడా ఆనాడు అతడి వెంట ఉంది. అనుభవం లేనివారిని కూర్చోబెట్టడమే కాక, నిమిషాల లెక్కతో తరమడం కూడా పై అధికారుల పనే.

పాతవారు ఎప్పుడు పదవీ విరమణ చేస్తారో నియామకాల రోజునే తెలిసి కూడా ఖాళీలను ఏళ్ల తరబడి వదిలేస్తారు. చివరికి హడావుడిగా మనుషులను తెచ్చి, ప్రమాదం జరిగాక మానవ తప్పిదమని రాసి, డ్రైవరును సస్పెండ్ చేసి ఫైలు మూసేస్తారు. అతడు ఆ మార్గానికి సిద్ధంగా ఉన్నాడని సంతకం పెట్టినదీ మనిషే కదా! ఏ మార్గంలో ఎన్నిసార్లు తిప్పి బండి అప్పగించారో, ధ్రువీకరించినది ఎవరో ఇప్పుడే ప్రజల ముందు పెట్టాలని, మీ విలేఖరులు సంబంధిత అధికారులను ఈ ప్రశ్న నేరుగా అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైలు ప్రయాణికుడు